గీరల ఓడ మోకు

మా గల్లీ చివర ఫ్లైఓవర్ పని నడుస్తుంది. పొద్దున తొమ్మిదింటికి బాల్కనీల నిలవడి ఫోన్ల కొట్లాడుతున్న. నా కొట్లాటలు సగం ఫోన్లనే అయితయ్. కింద డాంబర్ కాగుతుంది, ఆ వాసన ముక్కుకు కొట్టింది. దాని ఎంబడే ఒక గొంతు. పసుపు టోపీ పెట్టుకున్న మనిషి తల పైకెత్తి, చెయ్యి కిందికి ఊపుకుంట క్రేన్ డ్రైవర్‌కు చెప్తుండు: "ఆరియా... ఆరియా... ఆరియా..." పైన ఇనుప దూలం నిద్రల నడిచినట్టు మెల్లగ దిగుతుంది. ఫోన్ల అవతలి మనిషి హలో హలో అంటనే ఉన్నడు, నాకు ఇనవడుతలేదు. ఎండ సుర్రుమంటుంటే నా చేతి మీది వెంట్రుకలు లేచి నిలవడ్డయ్. ఆ వాసనా ఆ మాటా రెండూ ఒక్క మనిషివి. ఆయనను మీరెవ్వరూ చూసి ఉండరు. పేరు దానియేలు సారు. అలంపూర్‌ల మా మేనత్త పక్కింటి మనిషి.

2008ల నాకు ఇరవై రెండేండ్లు. పుట్టింది, పెరిగింది హైదరాబాద్‌లనే. కాల్ సెంటర్‌ల టీమ్ లీడర్ అందరి ముందట ఒక మాటన్నడని హెడ్‌సెట్ తీసి ఆయన మీదికి ఇసిరిన. ఆ దినమే పని పోయింది. అంతకుముందు ఇంకో రెండు పనులు గట్లనే పోయినయ్. అమ్మ బట్టలు సదిరి అలంపూర్ బస్సెక్కిచ్చింది. "నీ నోరు సల్లవడేదాక రాజమ్మత్త దగ్గరుండు" అన్నది. అత్త ఒక్కతే ఉంటది, మామ పోయి చానా ఏండ్లాయె. మోకాళ్ళ నొప్పులు, కౌలుకిచ్చిన పల్లి చేను, మాటకు ముందు ఒక తిట్టు. ఆ ఇంట్ల ఫోన్‌కు సిగ్నల్ డాబా మీదనే దొరుకుతుండె. రెండో దినమే డాబా ఎక్కి దోస్తు మీద అరుస్తున్న. పక్క డాబా మీదికెల్లి ఒక మాటొచ్చింది.

"జర మెల్లగ బిడ్డా. తుంగభద్ర అవతల కర్నూలోళ్ళు ఇంటున్నరు."

"నా ఫోను నా ఇష్టం. మీకేమైంది?"

"నాకేం గాలే. మా కోడి గుడ్ల మీదికెల్లి లేసింది."

చూస్తే సన్నగ, పొడుగ్గ ఒక ముసలాయన. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ. కుడి భుజం మాత్రం అంగీ లోపల జారిపోయినట్టుండె. ఎన్నడో సైకిల్ మీదికెల్లి పడ్డడంట, ఆ చెయ్యి చెంబెడు నీళ్ళు కూడ లేపది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బళ్ళల్ల సోషల్ చెప్పి రిటైర్ అయ్యిండు. భార్య లేదు. కూతురు రాయచూరు దవాఖానల నర్సు. తాత ముత్తాతలంత దొరల చేన్లల్ల పని చేసినోళ్ళు, వలస పోయినోళ్ళు. మా గల్లీల రెండంతస్తుల ఇల్లు ఆయనదొక్కటే. మా అత్త ఆయనను "సారు సారు" అని నోరార పిలుస్తుండె, కని ఆయనకు చాయ్ ఇచ్చే గ్లాసు వేరే. కిటికీల బోర్లిచ్చి ఉంటది. ఆ సంగతి నాకు తెల్వనీకి మస్తు దినాలు పట్టింది. ఆయనకు మొదటి చాయ్ నుంచే తెల్సు.

వారం దినాల తర్వాత ఆయనే అడిగిండు. "గా ఫోన్ల లోకమంత దొరుకుతదంట గద?"

"దొరుకుతది సారు."

"ఓడ దొరుకుతదా?"

నేను నవ్విన. ఆయన నవ్వలే. నన్ను తన ఇంటికి తీస్కపోయి కింది అర్రల ఇనుప పెట్టె తెరిసిండు. గుప్పుమని డాంబర్ వాసన. పైన ఒక నల్లటి మోకు చుట్ట, కింద పొడుగు నోటుబుక్కులు. మొదటి బుక్కు అట్ట మీద గుండ్రటి పంతులు రాత: "ఆరియా – ఒక గీరల ఓడ చరిత్ర". ముప్పై ఏండ్ల సంది రాస్తుండంట. సముద్రం మాత్రం ఎన్నడూ చూడలే.

ఆయన ఇంట్ల చెప్పుకునే కథ ఇది. కంపెనీ సర్కారు కాలంల ఒక కరువొచ్చింది. అయిదు తరాల కింద బుడ్డన్న అనే తాత నడుసుకుంట బొంబాయి పోయిండు. అక్కడ ఆయనను ఓడ మీద తాళ్ళు లాగే కలాసిగ తీస్కున్నరు. అది యుద్ధం ఓడ. పొయ్యిల బొగ్గు మండుతది, నడుమల పొగగొట్టం, ఇటొక గీర అటొక గీర, మన బండి గీరల లెక్కనే కని మిద్దెంత ఎత్తు. చానా ఏండ్లకు బుడ్డన్న ఒక్కడే తిరిగొచ్చిండు. ఒక చెవు ఇనవడకుండె, భుజం మీద డాంబర్ పూసిన మోకు. ఆ తర్వాత ఆయన నది దిక్కు పోలే. ఓడ పేరడిగితే చెప్పలే. చచ్చిపోయే ముందర మూడు దినాలు మంచంల కూసోని, చేతులు రెండూ ముందటికి సాపి, ఒకదాని తర్వాత ఒకటి కదిలిచ్చుకుంట "ఆరియా... ఆరియా..." అన్నడు. ఓడ వచ్చి పిలుస్తుందని ఇంటోళ్ళు అనుకున్నరు. అట్ల ఓడ పేరు ఆరియా అయ్యింది. ఓడ ముక్కు మీద చెక్కిన ఆడమనిషి బొమ్మ ఉంటుండెనంట, రాను రాను ఆ బొమ్మ ఆరియమ్మ అయ్యింది. ఏసును నమ్ముకున్నంక కూడ ఆ ఇంట్ల ఆ పేరు పోలే.

"సర్కారు కాయితాలల్ల ప్రతి ఓడది లెక్కుంటది, ఎవరెవరు ఎక్కిండ్రో రాసుంటది" అన్నడు సారు. "నేను హైదరాబాద్ లైబ్రరీలు తిరిగిన, బొంబాయికి ఉత్తరాలు రాసిన. గా పేరున్న ఓడ ఎక్కడా లేదంటరు. మా తాత ఉత్తగనే చచ్చిండా? పేరు దొరికితే నా పుస్తకం అయిపోతది బిడ్డా. నేను పోయెలోపల అది కావాలె."

ఓడ గురించి చెప్తుంటే ఆయన గొంతు బడిల పాఠం చెప్పినట్టు ఉండకపోతుండె, ఇంట్ల ఎవరో జబ్బుతోని ఉంటే చెప్పినట్టు ఉంటుండె. టేకు చెక్కతోని కట్టిన ఓడ. గాలి ఉంటే తెరచాప, లేకుంటే బొగ్గు. మామూలు యుద్ధం ఓడలకు రెండు పక్కల తోపులు, అంటే ఫిరంగులుంటయ్, దీనికి పక్కల జాగంత గీరలు మింగినయ్. అందుకే ముందర, వెనక కొన్ని పెద్ద తోపులు. బర్మా దిక్కు పోతుండె, ఎర్ర సముద్రం దిక్కు పోతుండె. నది మూతిల దూరి ఏటికి ఎదురు పోతుంటే, అసుంటిది ఎన్నడూ చూడని జనం ఊర్లు ఇడిసి ఉరికెటోళ్ళు. "కని దాని పానం గీరలల్లనే ఉంటది. ఒక్క గుండు ఒక్క గీరకు తగిలిందనుకో, ఇంకో గీర తిరుగుతనే ఉంటది. ఓడ తన సుట్టు తను తిరుగుతది. పిచ్చిలేసిన గానుగెద్దు లెక్క." ఆ మాటంటూ చాయ్ గ్లాసును – ఆ వేరే గ్లాసునే – పిట్టగోడ మీద గుండ్రంగ తిప్పిండు. తర్వాత కొన్నేండ్లకే నీళ్ళ లోపల తిరిగే పంకాల ఓడలొచ్చినయంట. గీరల ఓడలకు పని లేకపాయె. "గీరలు పీకిండ్రు, ఇంజన్ పీకిండ్రు, తోపులు దించిండ్రు. ఉత్త డొల్లల బొగ్గు నింపి రేవుల కట్టేసిండ్రు. మా తాత ఓడ గట్ల పొయ్యిందా, మునిగిందా? గదే తెల్వాలె."

నేను పేజీలు ఫోన్ల ఫోటోలు కొట్టుకున్న, మల్ల మల్ల కిందికి దిగే పని లేకుండ. డాబా మీద కూసోని వెతుకుతుంటి. ఒక్క పేజీ తెర్సుకునెలోపల చాయ్ సల్లారుతుండె. సారు పక్కన కూసోని ఆ చిన్న తెరను తొంగి చూస్తుండె. ఒక విచిత్రం, ఆ పేరు ఆయన నోటితోని అనకపోతుండె. "గా పేరు కొట్టు" అంటుండె. ఎందుకని అడిగితే, చచ్చినోళ్ళను బొందల దించేటప్పుడు తప్ప ఆ పేరు పలకొద్దని ఇంటి కట్టుబాటు అన్నడు.

"మరి ఫోన్ల కొడుతున్న గద?"

"కొట్టుడు పలుకుడు గాదు గద" అని మొదటిసారి నవ్విండు.

ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరం నది దిక్కు పోయినం. తుంగభద్రల నీళ్ళు తక్కువ, నల్ల బండలు పైకి తేలినయ్. మనిషి పురుగు లేదు. సారు ఉన్నట్టుండి ఆగిండు. "ఇనవడుతుందా?" అన్నడు. మొదలు నాకేం ఇనరాలే. జర సేపటికి ఇనొచ్చింది. దబ్... దబ్... దబ్... తడి చెక్క నీళ్ళ మీద కొట్టినట్టు, ఒక్క తీరుగ. బట్టలుతికెటోళ్ళని అన్న. రేవుల ఎవ్వరు లేరు. మోటారని అన్న. కరెంటు పొద్దటిసంది లేదు. ఆ సప్పుడు మా కుడి దిక్కుకెల్లి ఎడమ దిక్కుకు, ఏటికి ఎదురు, మెల్లగ పోయింది. నీళ్ళు మాత్రం అద్దం లెక్క ఉన్నయ్. "మా తాతకు ఇనవడే చెవుల చచ్చేదాక గిదే ఇనవడుతుండెనంట" అన్నడు సారు. నేను ఫోన్ తీసి ఊకెనే నొక్కుకుంట నిలవడ్డ. భయమైతే నేను చేసే పని అదొక్కటే.

ఆ నెలనే ఆయన వదిన చచ్చిపోయింది. ఊరి బయట వాళ్ళ సమాధుల దగ్గరికి నేను కూడ పోయిన. పాస్టర్ ప్రార్థన అయినంక సారు ఇంటికెల్లి ఆ నల్ల మోకు తెచ్చిండ్రు. బుడ్డన్న తెచ్చిన మోకు అదే. ప్రతి తరంల కొత్త నార కలిపి పేనుతరంట, డాంబర్ పూస్తరంట. అందుల ఓడది ఎంత మిగిలిందో ఎవరికీ తెల్వదు. శవపెట్టెను మోకు మీద నిలిపి నలుగురు పట్టుకున్నరు. ఏడుపులన్నీ ఒక్కసారి బంద్ అయినయ్. సారు ఒక్కడే గొంతు తగ్గిచ్చి, "ఆరియా... ఆరియా..." అన్నడు. పెట్టె దిగింది. అడుగు తాకిన సప్పుడు వచ్చినంక కూడ ఆయన ఇంకా రెండు మూడుసార్లు అన్నడు. ఎక్కడ ఆపాలెనో తెల్వనట్టు.

వానాకాలం మొదట్ల పని మీద గద్వాల పోయి వస్తున్న. తొవ్వల ఒక వంతెన పని కాడ బస్సు ఆగింది. క్రేన్‌కు ఒక సిమెంటు దిమ్మె యాలాడుతుంది. ముకద్దం, అంటే కూలీల పెద్ద, చెయ్యి ఊపుతుండు. గప్పుడు ఇన్న. "ఆరియా! ఆరియా! ఓరి సచ్చినోడా, మెల్లగ ఆరియా!" బస్సు దునికి ఆయన ముందట నిలవడ్డ.

"అన్నా, ఏమన్నవ్ నువ్వు?"

"నిన్నేమనలే తల్లీ, గా డ్రైవర్‌నన్న."

"ఆరియా అంటే ఏంది?"

"ఆరియా అంటే దించు. హబీస్ అంటే లేపు. బస్ అంటే ఆపు. ఏంది, క్రేన్ నడుపుతవా?" పక్కనోళ్ళు కిసకిస నవ్విండ్రు. ఆయనది పెద్దమందడి. చిన్నప్పుడే ముంబై పోయిండంట. "ఇది ఓడలోళ్ళ బాస. ఓడరేవు డక్కుల నేర్సుకున్నం. దునియాల ఏడికి పోయినా మా కలాసోళ్ళకు గిదే. ఇంకోటి యాదికి పెట్టుకో, బస్ అనేదాక తాడు ఇడుస్తనే ఉండాలె. అదే రూలు."

బస్సుల మిగిలిన తొవ్వంత నా నెత్తురు మసిలింది. ఎవరి మీద కోపమంటే ఇప్పుడు కూడ చెప్పలేను. ఏడాది నేను లేని ఓడను వెతికిన. ఆయన ముప్పై ఏండ్లు వెతికిండు. ఇంటికొచ్చేసరికి సారు, అత్త డాబా మీద చాయ్ తాగుతున్నరు. చెప్పులు కూడ ఇడ్వలే.

"సారూ, ఆరియా అంటే ఓడ గాదు, దేవత గాదు, మన్ను గాదు. ఆరియా అంటే దించు! రోడ్డు మీద క్రేనోళ్ళు మొత్తుకుంటున్నరు. దించు అనే ఓడ కోసం ముప్పై ఏండ్లు వెతికినవా? బొంబాయిల ఒక్క కూలోన్ని అడిగితే చెప్పకపోయెటోడా?"

మా అత్త పకపక నవ్వింది. "దించు ఓడనా? ఓ సారూ, ఇంగ లేపు ఓడను కూడ వెతుకు" అన్నది. సారు గ్లాసు తీస్కపోయి, తనే కడిగి, కిటికీల బోర్లిచ్చిండు. వాకిలి మెట్లు దిగిండు. దిగేటప్పుడు ఆ జారిన భుజం ఇంకా కిందికి జారినట్టనిపిచ్చింది. కోపం ఎంత సూటిగ పోతదో ఇసిరినంక గాని తెల్వదు. ఆ మాట పోయి ఎక్కడ తాకిందో అప్పుడు చూసిన.

నాలుగు దినాలు ఆయన డాబా ఎక్కలే. అయిదో దినం నేనే పోయిన. కింది అర్రల కూసోని ఉన్నడు. అట్ట మీద "ఆరియా" కొట్టేసి ఉంది. తిడతడనుకున్న. "కూసో బిడ్డా, చేతులు సాపు" అన్నడు. సాపిన. మోకు చివర నా చేతుల పెట్టి, రెండో చివర తను పట్టుకున్నడు. "ఇప్పుడు నాకు మెల్లగ ఇడువు." ఇడిసిన. ఒక చెయ్యి, తర్వాత ఒక చెయ్యి. ఆయన నా చేతులనే చూస్తుండు.

"మా తాత మూడు దినాలు చేసింది గిదే. ఓడ పిలిస్తే పేరు పలుకుతుండని ఇంటోళ్ళు అనుకున్నరు. ఆయన దించుతుండె. మునిగే ఓడ మీద నిలవడి మనుషులను పడవలల్లకు దించిండు. ఇంగ దేనికి అంతగనం దించుతరు? ఓడ మునిగిందన్నట్టు. మూడు దినాలు దించిండంటే, ఎంతమందో." మోకు చివరను నా చేతులకెల్లి తీస్కున్నడు. "నువ్వు నా పుస్తకం ఆగం చేసినవనుకున్న. చెయ్యలే. ఓడ పేరు పోయింది కని తాత చేసిన పని దొరికింది. ఒక్కటే సమజైతలేదు బిడ్డా. అందర్ని ఆయన దించిండు. ఆఖరోడు ఆయననే గద. మరి ఆయనను ఎవరు దించిండ్రు?"

ఆ ప్రశ్ననే కొత్త బుక్కుల మొదటి లైను రాసిండు. నేను తప్పైందని అన్న. అప్పుడాయన చెప్పిన మాటనే ఇప్పటికీ నాతోని ఉంది. "నువ్వు చెప్పింది తప్పు గాదు. ఇసిరినవ్, గది తప్పు. బరువున్నదాన్ని దించాలె బిడ్డా. దించుడు వేరే, ఇడిసిపెట్టుడు వేరే."

ఓడ మునిగింది సరే. ఏ ఓడ, ఎక్కడ మునిగింది, అందుల బుడ్డన్న పేరుందా, అది మిగిలే ఉండె. మునిగిన ఓడల జాబితాలు వెతకవడితిమి. ఆ పని నడుమలనే 2009 అక్టోబర్ వరద వచ్చింది.

తెల్లారేసరికి నది కట్ట దాటింది. గల్లీల నీళ్ళు మోకాళ్ళ దాక వచ్చినయ్, మేము చూస్తుండంగనే నడుము దాక. సారు తన ఇంటి మెట్ల మీద నిలవడి ఉన్నడు. కింది అర్రల ఇనుప పెట్టె. ఒక్క చేతి మనిషి, ఒక్కసారే దిగొచ్చు. అర్ర దిక్కు చూసిండు, మా దిక్కు చూసిండు. నీళ్ళల్లకు దిగి మా ఇంటికొచ్చి, నేను ఒక దిక్కు తను ఒక దిక్కు పట్టి, మా అత్తను తన డాబా మీదికి ఎక్కిచ్చిండు. మెట్ల కాడ యాలాడుతున్న మోకు మాత్రం పోయేటప్పుడు భుజాన ఏసుకున్నడు. మేమెక్కినంక బయటి ఇనుప మెట్లు కీచుమనుకుంట ఒరిగి నీళ్ళల్ల పడ్డయ్. కింది అర్ర కిటికీల నీళ్ళు గిర్రున తిరుగుతున్నయ్. ముప్పై ఏండ్ల కాయితం కిటికీకెల్లి ఒక్కొక్కటి బయటికొచ్చింది. ఆయన చూసిండు, మొఖం తిప్పుకున్నడు.

మధ్యాహ్నంపూట, ఊర్ల చేపలు పట్టే నర్సిములు పుట్టి ఏసుకోని వచ్చిండు. తోలు కప్పిన గుండ్రటి పుట్టి, ప్రవాహంల నిలవది, తన సుట్టు తను తిరుగుతది. గోడ కొక్కాన్ని పట్టుకోని "జల్ది దిగుండ్రి!" అని మొత్తుకున్నడు. మాకు, పుట్టికి నడుమ రెండు నిలువుల ఎత్తు. సారు మోకును డాబా మీది పిల్లర్‌కు రెండు చుట్లు తిప్పిండు, చివర అత్త నడుముకు కట్టవోయిండు. అత్త ఎనక్కి జరిగింది.

"సచ్చినోళ్ళను దించే మోకు నాకు కడ్తవా? మీ బొందల మోకు నాకు కడ్తవా సారు?"

"రాజమ్మా, గది దించుతది. సచ్చిండ్రా బతికిండ్రా అని అడగదు."

అత్త ఆయన మొఖం చూసింది. చేతులు పైకి లేపింది, కట్టుమన్నట్టు. సారూ నేనూ కలిసి ఇడిసినం. ఆయన "ఆరియా" అన్నప్పుడల్లా మోకు పిల్లర్ మీద కిర్రుమనుకుంట జరుగుతుంది. అత్త పుట్టిల కూసున్నది, కట్టు ఇప్పుకున్నది.

"ఇప్పుడు మీరు" అన్న. "నేను ఇడుస్త."

"నువ్వు దిగు."

"మరి మిమ్మల్ని ఎవరు దించుతరు? ఒక్క చెయ్యి మనిషివి! నేను పోను!" అరిసిన, ఏడిసిన, తిట్టిన. ఆయన సల్లగ నా నడుముకు ముడేసిండు. "ఆరియా బిడ్డా" అన్నడు, నాకే చెప్తున్నట్టు. నేను గాల్లకు దిగిన. ఒక్క చేతి మనిషి దించినట్టు లేకుండె. ఒక్క గుంజు లేదు, ఒక్క జారుడు లేదు.

మోకు పైకి పోయింది. నేను ఫోన్ తీసి పైకి పట్టిన. పిట్టగోడ మీదికెల్లి సారు కాళ్ళొచ్చినయ్. రొమ్ము కాడి ముడిని రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నడు, కండ్లు మూసుకున్నడు, మూతి బిగిచ్చిండు. మెల్లగ దిగుతుండు. చెయ్యి మార్చి చెయ్యి ఇడిసినట్టు, జర ఆగి, జర దిగి. పైన గొంతు: ఆరియా... ఆరియా...

నర్సిములు నా దిక్కు చూసిండు. "పైన ఇంగెవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"మరి మోకు ఎవరు ఇడుస్తున్నరు?"

సారు పుట్టిల దిగిండు, కండ్లు తెరిసిండు. ఆయన బరువు మోకు మీద లేదు. అయినా మోకు ఆగలే. చుట్టలు చుట్టలుగ మా మీద, మా అత్త ఒళ్ళె, నీళ్ళల్ల, దిగుతనే ఉంది. ఆఖరికి రెండో చివర కూడ జారి పుట్టిల పడ్డది. పిట్టగోడ మీద ఉత్త మబ్బు. నర్సిములు కొక్కెం ఇడిసిండు, పుట్టి తిరుక్కుంట తిరుక్కుంట ఆ గల్లీకెల్లి బయటవడ్డది. నర్సిములు మమ్మల్ని కట్ట మీదికి చేర్చిండు.

వరద క్యాంపుల సారును అడిగిన. "నేను పిల్లర్‌కు చుట్టిన, చివర పిట్టగోడ కింద తొక్కిపెట్టిన, అంతే. తర్వాత నాకు తెల్వదు. కండ్లు మూస్కున్న, గొంతు ఇన్న" అన్నడు. ఫోన్ల తీసిన వీడియో ముక్క చూపిచ్చిన. బొమ్మ మసక, గొంతు సాఫ్. ఆయన పెదవులు మూసే ఉన్నయ్, గొంతు వస్తనే ఉంది. ఆయన మూడుసార్లు చూసిండు. చూసి చిన్న పిల్లగాడు తప్పిపోయి దొరికినట్టు ఏడిసిండు. "గీ గొంతు మా నాయినది లెక్కుంది. మా నాయినది మా తాత లెక్క ఉంటుండెనంట" అన్నడు. మా అత్త పక్కనే ఉంది. క్యాంపుల ఇచ్చిన ఒక్క గ్లాసు చాయ్ సగం తను తాగి, మిగిలింది ఆయన చేతిల పెట్టింది. ఆయన తాగిండు.

పుస్తకం పోయింది. నా ఫోన్ల కొట్టుకున్న ఫోటోలే మిగిలినయ్, నలభై పేజీలు గూడ కావు. హైదరాబాద్ పోయి ప్రింటు తీసి తెచ్చిన. ఓడ పేరు దొరకలే. జాబితాల కోసం మల్ల వెతుకుదామంటే వద్దన్నడు. ఆఖరి పేజీ కొత్తగ రాసిండు: "ఓడ పేరు తెల్వదు. అది గీరల యుద్ధం ఓడ. మునిగింది. దాని మీద బుడ్డన్న అనే కలాసి ఉండె. ఆయన పని దించుడు. ఆయన ఇంకా ఆ పని మీదనే ఉన్నడు." ఆఖరి లైను నేను రెండుసార్లు చదివిన. ఆయన మాత్రం పెన్ను మూతపెట్టి, పని అయిపోయిన మనిషి లెక్క చేతులు దులుపుకున్నడు.

ఆ మరుసటి ఎండాకాలమే సారు పోయిండు. కూతురు ఫోన్ చేసి, "నాయిన నీకొక పని చెప్పిండు చెల్లీ. దించేటప్పుడు ఆ మాట నువ్వే చెప్పాలెనంట" అన్నది. ఆడపిల్ల, బయటి మనిషి, ఎట్ల చెప్తదని చుట్టాలల్ల గుసగుస అయ్యింది. మా రాజమ్మత్త కర్ర పట్టుకోని ముందటికొచ్చి, "ఆయన చెప్పినంక మీదేంది?" అన్నది, సప్పుడు బంద్. నలుగురు నల్ల మోకు పట్టిండ్రు. డాంబర్ ఎండకు కాగి వాసనొస్తుంది. ఒకరిని దించుకుంట నేను ఆ మాట అనుడు జిందగీల అదే మొదటిసారి. "ఆరియా... ఆరియా..." ఇసరకుండ, ఇడిసిపెట్టకుండ. పెట్టె మెల్లగ దిగింది. అడుగు తాకింది. అందరు నా నోటి దిక్కు చూస్తున్నరు.

గప్పుడు వంతెన కాడి ముకద్దం మాట యాదికొచ్చింది. బస్ అనేదాక తాడు ఇడుస్తనే ఉండాలె. ఈ ఇంటోళ్ళకు దించు అనే మాట ఒక్కటే వచ్చింది. ఆపు అనే మాటను బుడ్డన్న చచ్చేటప్పుడు కూడ అనలే. అనే మనిషి లేకుండె. ఆ దినం డాబా కింద మేము కూడ అనలే, మోకు చివరి దాక దిగుతనే ఉండె. అయిదు తరాల మనుషులు దించవడ్డరు, ఎవ్వరికీ ఎవ్వరూ ఆపు అని చెప్పలే. బుడ్డన్న ఎక్కడో నిలవడి, చేతులు సాపి, ఇంకా ఇడుస్తనే ఉన్నడు.

నేను బొంద అంచుల వంగి, లోపలికి గాదు, పైకి చూసి, గట్టిగ "బస్" అన్న.

మోకు పట్టిన నలుగురూ ఒక్కసారి ముందటికి తూలిండ్రు, అవతలికెల్లి పట్టుకున్నది ఎవరో ఇడిసినట్టు. తర్వాత మోకు మామూలు మోకు అయ్యింది. దాన్ని పెట్టెతోనే బొందల ఏసినం.

ఆ వరద ముక్కను ఫోన్ మారినప్పుడల్లా కొత్త ఫోన్లకు ఎక్కిచ్చుకుంట. ఎవ్వరికీ చూపియ్య. కొట్లాటలు ఇంకా బంద్ కాలే, నోరు ఇంకా సల్లవడలే. ఇప్పుడు కూడ ఫోన్ల అవతల మనిషి హలో హలో అంటనే ఉన్నడు. అనాలనుకున్న మాట నాలుక మీదనే ఉంది, మస్తు బరువుంది. కింద దూలం దిమ్మె మీద ఆనింది. పసుపు టోపీ మనిషి చెయ్యి ఎత్తి పిడికిలి మూసి "బస్" అన్నడు. నేను ఫోన్ చెవుకు పెట్టుకోని, "ఆఁ, చెప్పు, ఇంటున్న" అన్న.